అనుమానం రాని పాఠకుడు

మా పిన్ని ఇరవై ఆరేళ్లుగా ఎవరూ చదవని పుస్తకాలు రాసింది. ఇది నా వెటకారం కాదు, ఆమే అంటుంది. బట్టలుతికే మిషను కొంటే అట్టపెట్టె అడుగున, ప్లాస్టిక్ సంచిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి. దాన్ని ఎక్కడ పడేశారో మీకే గుర్తుండదు. అది మా పిన్ని రాసిందే కావచ్చు. కుట్టు మిషన్లు, నీళ్ల మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, ఒకసారి పిల్లి దూరే తలుపు కూడా. పిల్లి తలుపుకి పదహారు పేజీలు పట్టింది. ఎందుకని అడిగితే "పిల్లి చదవదుగా, దాని తరఫున నేనే ఆలోచించాలి" అంది.

ఆమె పద్ధతి ఒకటుంది. పుస్తకం రాయడం అయ్యాక, ఆ యంత్రం ముఖం ఎన్నడూ చూడని మనిషినొకరిని పట్టుకొచ్చి దాని ముందు కూర్చోబెడుతుంది. చేతికి పుస్తకం ఇస్తుంది. తను వెనక కుర్చీలో కూర్చుని పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుంటుంది. ఎదుటి మనిషి తప్పు మీట నొక్కబోతుంటే ఆమె నోరు ఊరుకోదు. నోరు తెరిస్తే మూత కింద పడుతుంది, మూత పడితే పరీక్ష చెల్లదు. ఆ మనిషి ఎక్కడ ఆగి తల గోక్కుంటే అక్కడ పుస్తకంలో తప్పున్నట్టు. తప్పు మనిషిదై ఉండొచ్చన్న మాట ఆమె దగ్గర చెల్లదు.

ఈ పరీక్షలకి ఎక్కువసార్లు బలైంది మా బాబాయి.

"ఊరంతా గాలించినా నాకంటే మొద్దు దొరకలేదుటే నీకు?" అనేవాడు.

"గాలించానండీ, దొరకలేదు."

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఎనిమిదేళ్ల కిందట డిపో మెట్ల మీద జారి వెన్నెముక దెబ్బతింది. అప్పటినుంచి మోటారు కుర్చీలోనే. "బస్సులోంచి బస్సులోకే మారాను, సీట్లు తగ్గాయంతే" అని నవ్విస్తాడు. ఆ కుర్చీ సీటు ఆయన నడుం వంపుకి సరిపడేలా మలచడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంకో కుర్చీలో అరగంట కూర్చుంటే నొప్పికి కళ్లనీళ్లొస్తాయి.

వాళ్ల ఇల్లు రోడ్డుకంటే పల్లంలో ఉంటుంది. గుమ్మం దగ్గర్నుంచి రోడ్డు మీదికి సిమెంటు ర్యాంపు. ఆరు నెలల కిందట రోడ్డు ఎత్తు పెంచినప్పుడు ఆ ర్యాంపునీ పొడిగించారు. ఆ తర్వాత నుంచి కుర్చీ ర్యాంపు సగంలో టక్కున ఆగిపోవడం మొదలైంది. మెకానిక్ బ్యాటరీ మార్చాడు, మోటారు విప్పి చూశాడు, బాగానే ఉందన్నాడు. "లోపల ప్రోగ్రాంలో ఏదో పెట్టారు సార్. చేసిన కంపెనీ మూసేశారు. ఎవణ్ణి అడుగుతాం?" అని చేతులు దులుపుకున్నాడు. దాంతో బాబాయి బయటికి వెళ్లాలంటే వెనక నుంచి ఎవరో ఒకరు తొయ్యాలి, వచ్చేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకు దింపాలి. ముప్ఫై ఏళ్లు ఊరినంతా మోసినవాడు, పక్కింటి వాళ్లని తొయ్యమని అడగలేక బయటికి వెళ్లడమే దాదాపు మానేశాడు. ఆయనకి కావలసింది ఒకటే. ఎవరినీ పిలవకుండా ర్యాంపెక్కి, వీధి చివర టీ కొట్టుకి వెళ్లి, తనంతట తాను ఇంటికి రావడం.

ఇక మా ఆఫీసు. ఆఫీసంటే సైకిల్ షాపు పైన రెండు గదులు, సారు, నేను. మూతపడ్డ కంపెనీల యంత్రాలు పాడైతే మా దగ్గరికి వస్తాయి. యంత్రంలోని చిప్పులో ఒక ప్రోగ్రాం ఉంటుంది. రాసేటప్పుడు అది మనిషి చదవగలిగే భాషలోనే ఉంటుంది, చిప్పులోకి చేరేసరికి వట్టి అంకెలైపోతుంది. రాసినవాళ్లు పోయారు, కంపెనీ పోయింది, అంకెలు మిగిలాయి. ఆ అంకెల్ని మళ్లీ ఆదేశాలుగా విడగొట్టే టూలు ఒకటి నేను రాశాను. ఫలానా చోటి నుంచి ఒక అంకె తెచ్చుకో, ఇంకోదానితో పోల్చు, తక్కువైతే అటు వెళ్లు, ఇలా ఒక్కో వరసలో ఒక్కో ఆదేశం వస్తుంది. అల్లిన స్వెటరు ఊడదీస్తూ అల్లిక ఎలా వేశారో కనుక్కున్నట్టు. పేరు పెట్టే ఓపిక లేక దాన్ని "విప్పుడు" అంటాం. కాలేజీ మూడో ఏడు మానేశాక నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

నిరుటిదాకా విప్పుడుని మేమే నడిపేవాళ్లం. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు నడుపుతాయి. అంటే, పని చెబితే చాలు, తమంతట తాము టూలు నడిపి, వచ్చింది చూసి, తర్వాతి అడుగేసే ప్రోగ్రాములు. వాటికి టూలు ఎలా వాడాలో రాసి పెట్టాలి. నేను పదకొండు లైన్లు రాశాను. ఆఖరి లైను "మిగతాది వాడితే తెలుస్తుంది". ఏజెంటు వాడింది. దానికేమీ తెలియలేదు.

"ఒరేయ్, నువ్వు రాసింది తెలిసినవాడి కోసం. తెలిసినవాడికి ఇదెందుకు?" అన్నాడు సారు.

మా పిన్ని సంగతి చెప్పాను. పిలిపించమన్నాడు.

ఆమె రూళ్ల నోటు పుస్తకంతో దిగింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"చదివేది ఎవరు?"

"ఏజెంటు."

"ఇన్సూరెన్సా?"

"కాదు పిన్నీ, ప్రోగ్రాం."

"ఏదో ఒకటిలే. దానికి ఇలాంటి టూళ్లు అలవాటేనా?"

"వేలకొద్దీ చదివుంటుంది. దీన్ని మాత్రం చూడలేదు. పైగా ప్రతిసారీ కొత్తగా మొదలుపెడుతుంది, నిన్నటిది ఇవాళ గుర్తుండదు."

"మీ బాబాయి లాంటిదన్నమాట. అర్థం కాకపోతే ఏం చేస్తుంది?"

"ఏదో ఒకటి చేసేస్తుంది" అన్నాను.

"ఆగి తల గోక్కోదా?"

"దానికి తలే లేదు పిన్నీ."

నోటు పుస్తకంలో "తల గోక్కోదు" అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది. అప్పుడు సారు వైపు తిరిగింది. "పరీక్షకి ఒక యంత్రం కావాలి కదండీ. మా ఆయన కుర్చీ పెట్టుకోవచ్చా?"

సారు స్వయంగా వెళ్లి కుర్చీ కింది పెట్టె విప్పి, చిప్పులోని అంకెలన్నీ చదివించుకుని, సాయంత్రంలోగా మళ్లీ బిగించేశాడు. "ఇప్పటికి చదవడం వరకేనమ్మా. మార్చడం సంగతి కారణం తెలిశాక" అన్నాడు.

మూడు వారాలు ఆమె నా ప్రాణం తీసింది.

"తప్పు చోటి నుంచి విప్పమంటే నీ టూలు ఏమంటుంది?"

"ఏమీ అనదు. అక్కడున్న అంకెల్ని విప్పి ఇస్తుంది."

"అక్కడున్నవి ఆదేశాలు కాకపోతే?"

"అయినా ఆదేశాల్లాగే విప్పి ఇస్తుంది."

"మరి అబద్ధం చెబుతోంది కదరా!"

"అబద్ధం కాదు పిన్నీ, దానికి తేడా తెలియదు. అంకెలు అంకెలే."

"ఉతికే మిషనుకైనా తలుపు సరిగ్గా పడకపోతే ఎర్ర లైటు వెలుగుతుంది. దీనికి అదీ లేదా? చేసింది నువ్వేగా?"

నేను కంప్యూటరు కట్టేసి కిందికి వెళ్లి సైకిల్ షాపులో కూర్చున్నాను.

మొత్తానికి ఇరవై రెండు పేజీలు తేలాయి. మధ్యలో ఆమెకి అలవాటైన సొగసు ఒకటుంది. మొదట్నుంచి చివరిదాకా చేసి చూపించిన ఉదాహరణ. మా దగ్గరున్న పాత ఉతికే మిషను చిప్పు తీసుకుని, ఏ ఫైలు, ఏ చోటు, ఏం వచ్చింది, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. పరీక్ష రోజున కుర్చీ అంకెలూ ఈ పుస్తకమూ ఇచ్చి, ర్యాంపు మీద ఎందుకు ఆగుతోందో చెప్పమని ఏజెంటుకి అప్పగించాం. పిన్ని తెర ముందు కూర్చుని మూత పళ్ల మధ్య పెట్టుకుంది. ఏజెంటు రెండే రెండు నిమిషాల్లో ముగించింది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

"ఎక్కడా తడబడలేదురా" అంది పిన్ని, మూత తీసి. సంతోషించాలో భయపడాలో తెలియనట్టుంది మొహం. ఇరవై ఆరేళ్లలో ఒక్కరు కూడా ఎక్కడా ఆగకుండా ఆమె పుస్తకం పూర్తిచెయ్యలేదు.

రిపోర్టు చదివాం. బట్టలు పిండే సమయంలో తలుపు గొళ్లెం పడలేదు కాబట్టి కుర్చీ ఆగిపోతోందట.

ఫోన్లో బాబాయికి చెప్పాం. "నా కుర్చీకి తలుపుందా? ఎటువైపే?" అన్నాడు. తర్వాత, "ఇంకా నయం, నన్ను పిండి ఆరెయ్యమనలేదు."

ఏం జరిగిందంటే, ఏజెంటు ఉదాహరణలోని ఫైలు పేరూ చోట్లూ ఉన్నవి ఉన్నట్టు వాడేసింది. కుర్చీ అంకెల జోలికే వెళ్లలేదు. ఆ ఉదాహరణ పీకెయ్యమన్నాను నేను.

"మనుషులూ అంతేరా. చదవరు, బొమ్మ చూసి చేసేస్తారు. కాకపోతే మనిషి చేతిలో ఉన్నది కుర్చీ అని మనిషికి తెలుస్తుంది."

ఉదాహరణ తీసేసి చూశాం. ఈసారి నలభై నిమిషాలు దారి తెలియనివాడిలా తిరిగింది, రిపోర్టే తేలలేదు. చివరికి ఉదాహరణని మళ్లీ చేర్చి, పేర్లూ అంకెలూ ఉండాల్సిన చోట ఖాళీలు పెట్టి, "నీ ఫైలులోది ఇక్కడ పెట్టుకో" అని రాసింది పిన్ని. ఆ ఖాళీలతో మళ్లీ పరీక్ష జరిగింది.

ఈసారి రిపోర్టు చూసి సారు కుర్చీలోంచి లేచాడు. కుర్చీలో వాలుని కొలిచే భాగం ఉంది, వాలు ఎనిమిది డిగ్రీలు దాటితే ఆగిపోమని ప్రోగ్రాంలో రాశారు, రోడ్డు పెంచాక ర్యాంపు వాలు పెరిగింది, అందుకే ఆగుతోంది. ఎక్కడ చూసిందో, ఏ వరసలో చూసిందో కూడా రాసింది. అంత చక్కగా నేనూ చెప్పలేను. ఎనిమిదిని పన్నెండు చేస్తే సరి.

బాబాయి ఫోన్లో కేకేశాడు. "రోడ్డు పెంచిన రోజే అనుకున్నాను! ఎల్లుండి టీ కొట్టు దగ్గరికి రమ్మని మా కండక్టరుకి చెప్పేస్తున్నా."

అందరం నవ్వుతుంటే పిన్ని మాత్రం పెదవి కొరుక్కుంటోంది. "మీరు ఆ పెట్టె విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాలు కొలిచేదేదీ నాకు కనబడలేదండీ."

"బోర్డు మీద చిన్నదెక్కడో ఉండి ఉంటుందమ్మా" అన్నాడు సారు. అనడమైతే అన్నాడు గానీ తనూ సరిగ్గా చూసినట్టు లేడు.

విప్పుడు ఇచ్చిన ఆదేశాలన్నీ కాగితం మీద కావాలంది పిన్ని. స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టింది. ఆమెకి ఆ భాష రాదు. మూడు వారాల్లో నేను చెప్పిన నాలుగు ముక్కలే. నాకు చిరాకేసింది. రెండో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"ఇది చూడు. ఒక అంకె తెచ్చి పక్కన పెట్టమంది. వెంటనే దాని మీద ఇంకో అంకె పెట్టమంది. మరి మొదటిది దేనికి తెచ్చినట్టు?"

"ఏదో కారణం ఉంటుంది."

"ఇక్కడ చూడు, మళ్లీ అంతే. ఇక్కడేమో పోల్చమంది, పోల్చాక ఏం చెయ్యాలో చెప్పలేదు. బకెట్టు నిండా నీళ్లు పట్టు, పారబొయ్యి, మళ్లీ పట్టు అని నేనెప్పుడైనా రాశానా? ఎంత చేతకానివాడైనా అలా రాయడు. ఇది ఎవరూ రాసింది కాదురా."

నేను ఆ అంకెల్ని తీసి అక్షరాలుగా మార్చి చూశాను. కుర్చీ చేతిమీద చిన్న తెర ఒకటుంటుంది. బ్యాటరీ తక్కువ, చార్జింగ్ అవుతోంది, మెకానిక్‌ని పిలవండి, ఇలాంటివి చూపిస్తుంది. ఆ మాటల అక్షరాలవి. మాటల్ని నా టూలు ఆదేశాలనుకుని విప్పింది. అందులో ఎక్కడో ఒక ఎనిమిది తగిలింది. ర్యాంపు మీద ఆగుతోందని పని చెప్పేటప్పుడే మేం చెప్పాం కాబట్టి, ఏజెంటు ఆ ఎనిమిదికి వాలుని తగిలించి మాకు నచ్చే కథ చెప్పింది. ఆ టూలు రాసినవాణ్ణి నేను. ఆ కథ విని అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ నేనే. ఇప్పటికీ నాకు అంతు చిక్కదు, నాకు రావాల్సిన అనుమానం ఆ భాషే రాని మనిషికి ఎలా వచ్చిందో.

బాబాయికి పిన్నే చెప్పింది. ఆయన అప్పటికే చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాడు.

"సరేలే, మడతపెట్టు" అన్నాడంతే.

ఆ మర్నాడు ఆమె ఆఫీసుకొచ్చి పొద్దంతా ఒక్క వాక్యం దగ్గరే కూర్చుంది.

"అనుమానం వస్తే ఆగు అని రాశాను. కొట్టేశాను. దానికి అనుమానమంటూ వస్తేగా! రాని అనుమానాన్ని ఎట్లా రప్పించాలిరా? మనుషులకి రాయక్కర్లేదు, వాళ్లకి దానంతటదే వస్తుంది."

"అందరికీ రాదు పిన్నీ, నాకు రాలేదుగా."

ఆమె నా వైపు చూసిన చూపుకి అర్థం వెతకలేదు నేను. కానీ ఆ మాట ఆమెకి ఎక్కడో పనికొచ్చినట్టుంది. మళ్లీ రాసింది. తెచ్చిన అంకెని వాడకుండానే దాని మీద ఇంకోటి పెడుతుంటే చూసుకో. పోల్చాక ఎటూ వెళ్లకపోతే చూసుకో. వెళ్లమన్న చోటు ఇంకో ఆదేశం నడిమధ్యలో పడితే చూసుకో. ఇవి దగ్గర దగ్గరగా కనిపిస్తే నువ్వు చదువుతున్నవి ఆదేశాలు కావు. అక్కడ దొరికినదాన్ని జవాబుగా ఇవ్వకు. పని చెప్పినవాళ్లు ఊహించిన కారణానికి సాక్ష్యం వెతక్కు. తెలిసింది ఒక పక్క, తెలియనిది ఒక పక్క రాసి ఆగిపో.

నన్ను కూడా వదల్లేదు. ఆ గుర్తులు కనబడితే టూలు తనే హెచ్చరించేలా మార్పించింది. ఎర్ర లైటు అన్నమాట.

మూడో రిపోర్టు అరపేజీ కూడా లేదు. తెలిసింది ఇది: మోటారు మీద బరువు ఎక్కువగా పడినప్పుడు ఒక లెక్క మొదలవుతుంది, ఏడు సెకన్లు నిండితే మోటారు ఆగుతుంది, మధ్యలో రెండు సెకన్లు ఊరుకుంటే లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. తెలియనిది ఇది: మూడొందల అంకెల ముక్క ఒకటి ఆదేశాలో కాదో తేలలేదు. కుర్చీ ఆగడానికి ఈ లెక్క ఒక్కటే కారణమో కాదో చెప్పలేను.

సారుకి నచ్చలేదు. "చదవడానికి ముందుదే బాగుందయ్యా."

నాకూ ఎటూ పాలుపోలేదు. నమ్మకంగా చెప్పినప్పుడు తప్పు చెప్పింది. ఇప్పుడు నసుగుతోంది. ఇదైనా నిజమని ఏముంది? పిన్ని మాత్రం, "చిప్పు మార్చక్కర్లేదుగా. ఆగి ఆగి ఎక్కి చూస్తే పోయేదేముంది" అంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని ర్యాంపు మొదట్లో కుర్చీ నిలిపాడు. నేను ఫోన్లో సెకన్లు చూడబోతే వద్దని, తనే లెక్కపెట్టుకుంటానన్నాడు. ఐదు సెకన్లు ఎక్కి ఆపాడు. రెండు ఆగాడు. మళ్లీ కదిలాడు. ఎప్పుడూ ఆగిపోయే సగం దాటింది, పైకి వెళ్లిపోయింది. రోడ్డు మీద నుంచి "అయ్యా టికెట్, టికెట్!" అని అరిచాడు. పాత ర్యాంపు ఐదారు సెకన్లలో అయిపోయేది, అప్పుడు ఏడు నిండే అవకాశమే లేదు. అంతవరకు అర్థమైంది.

పిన్ని మళ్లీ చెయ్యమంది. మోటారు ఆపించి, అలవాటు ప్రకారం నేనే వెనక పట్టుకుని కిందికి దింపాను. రెండోసారి కూడా అలాగే ఆగాడు, అలాగే కదిలాడు. సగంలో టక్కున ఆగిపోయింది.

"రెండు లెక్కపెట్టారా?" అంది పిన్ని.

"పెట్టానే."

"సరిగ్గా పెట్టారా?"

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన వాణ్ణి, రెండు లెక్కపెట్టలేనటే?"

మూడోసారి మూడేసి సెకన్లు ఆగమన్నాను. ఎక్కింది. రెండోసారి ఎందుకు ఆగిందని పిన్ని నన్నడిగింది. తెలియదన్నాను. ఆ మూడొందల అంకెల్లో ఏదో ఉందేమో, ఆయన లెక్కే తప్పేమో. మళ్లీ దింపుదామని నేను కదిలేసరికి బాబాయి పైనుంచి, "ఇంక పరీక్షల్లేవు. కండక్టరుని మళ్లీ రమ్మన్నాను, టీ తాగేసి వెళ్లిపోతాడు" అని కుర్చీ తిప్పేశాడు. రోడ్డు మీద బర్రుమని చప్పుడు దూరమైంది.

పిన్ని లోపలికొచ్చి "రెండోసారి ఆగింది, కారణం తెలియదు" అని నోటు పుస్తకంలో రాసుకుంది. దాని కింద ఏం రాయాలో తెలియక అలాగే కూర్చుంది. గంట తర్వాత ఫోను మోగింది.

"ర్యాంపు పైన ఉన్నాను. దిగేటప్పుడు ఎన్ని సెకన్లే?"

పిన్ని నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. దిగడం సంగతి మేం ఏజెంటుని అడగలేదు. అడగనిది అది చెప్పలేదు. ఆరు నెలలుగా దింపిన ప్రతిసారీ ఎవరో ఒకరం వెనక పట్టుకునే ఉన్నాం కాబట్టి, దిగడం కూడా ఒక పని అని ఎవరికీ తట్టలేదు. నేను చెప్పులేసుకున్నాను.

"వాణ్ణి పంపకు" అన్నాడు ఫోన్లో. "నువ్వూ రాకు. రాసి పంపు, చదువుకుంటూ దిగుతా."

"దిగడం గురించి నాకేమీ తెలియదండీ."

"ఎంత తెలిస్తే అంతే రాయి."

ఆమె ఫోన్లో ఒక్కో అక్షరం కొట్టింది. దిగడం పరీక్షించలేదు. అన్నిటికంటే తక్కువ వేగం పెట్టుకోండి. గోడవైపు ఉండండి. మూడు సెకన్లు కదలండి, మీట వదలండి. వదిలినా ఆగకపోతే గోడకి ఆనించండి. ఆగితే మళ్లీ మూడు. పంపించి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఆయన బస్సు బోర్డు చదివినట్టు గట్టిగా చదువుకోవడం నాకూ వినిపించింది.

వాళ్ల ముందుగది కిటికీలోంచి ర్యాంపు మీద చక్రాలే కనిపిస్తాయి. చక్రాలు వచ్చాయి. ఆగాయి. మళ్లీ వచ్చాయి. సరిగ్గా సగంలో ఆగిపోయాయి, కదల్లేదు.

"మీరే ఆపారా, అదే ఆగిందా?" అంది పిన్ని.

"ఉండవే, లెక్క తప్పుతుంది" అన్నాడు బాబాయి. చక్రాలు కదిలాయి.